రాత్రి కాపలా ఉండే రొయ్యల రైతులకు పలకరింపు సందేశం ఎలా ఉండాలి?

ప్రశ్న (భీమవరం దగ్గర పల్లె నుంచి)
మాది రొయ్యల చెరువు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది; ఆ వేళ ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) ఆగితే పంట పోయినట్లే. అందుకే రాత్రంతా గట్టు మీద జాగారం. దానికి తోడు రొయ్యలను చంపే వైట్ స్పాట్ వైరస్ భయం, అప్పులు. మనసులో ఎంత నలుగుతున్నా నాన్నగారి తోటివారు నోరు విప్పరు. వారికోసం సాఫ్ట్‌వేర్‌తో వారానికొక ఎస్ఎంఎస్ వెళ్లే ఏర్పాటు చేస్తున్నాను. చాలామందివి బటన్ ఫోన్లే. ‘రెండు వారాలుగా దిగులుగా ఉందా? 0 నుంచి 3 వరకు అంకె పంపండి’ అని మొదలుపెట్టవచ్చా?

జవాబు (అమలాపురం, విశ్రాంత నర్సు)
వద్దు బాబూ. అది ఆసుపత్రిలో ఎదురుగా కూర్చోబెట్టి అడిగే ప్రశ్న. అర్ధరాత్రి ఒకాయన 3 అని పంపితే ఇవతల చూసేదెవరు? చూసే మనిషి లేనప్పుడు అడగనే కూడదు.

అమెరికాలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు, ఇంటికి వెళ్లాక చికిత్స కొనసాగించని రోగులకు ఏళ్ల తరబడి పొట్టి ఉత్తరాలు పంపించారు. క్షేమం కోరడమే తప్ప వాటిలో ఏదీ అడగలేదు. ఉత్తరాలు అందినవారిలో మొదటి రెండేళ్లు ఆత్మహత్యలు తక్కువగా ఉన్నట్లు 2001లో ప్రచురించారు.

ఇంకొక సంగతి. ఆ ఫోను ఇంటిల్లిపాదిదీ. మనవడు ఆడుకుంటాడు, కోడలు చదువుతుంది. ‘కుంగుబాటు’ అన్న మాట తెర మీద కనిపిస్తే ఆయన మళ్లీ మీ సందేశం తెరవరు.

జవాబు (కాకినాడ)
తెలుగులో ఒక ఎస్ఎంఎస్‌కు 70 స్థానాలే. గుణింతాలు, పొల్లు విడివిడిగా లెక్కకు వస్తాయి. సంస్థ పేరుతో పంపాలంటే ప్రతి వాక్యాన్నీ ముందే నమోదు చేయించాలి, పైగా దానికి తిరిగి ఫోను చేయలేరు. ఉన్నది మీ ఊరివారేగా, మామూలు నంబరు నుంచి మనిషే పంపడం మేలు. ఇంత చిన్న పనికి సాఫ్ట్‌వేర్ ఎందుకో నాకు అర్థం కాలేదు!

ప్రశ్న అడిగినవారు
నిజమేనండి, చిన్నాన్న ఫోను నుంచే పంపుతాం. ‘ఎలా ఉన్నారు? మాట్లాడాలనిపిస్తే మిస్డ్ కాల్ ఇవ్వండి.’ 51 స్థానాలు వచ్చింది. కానీ మిస్డ్ కాల్ వచ్చేసరికి చిన్నాన్న నిద్రలో ఉంటే?

జవాబు (అమలాపురం)
చివర ‘రాత్రివేళ 14416.’ అని చేర్చండి, 68 అవుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు అది. 2022 అక్టోబరు నుంచి ఉంది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. ముందు మీరే ఒకసారి చేసి చూడండి. సందేశం మాత్రం పొద్దున్నే పంపకండి, రాత్రంతా కాపలా ఉన్నవారికి అప్పుడే కునుకు పట్టి ఉంటుంది. సాయంత్రం మేత వేళకు కాస్త ముందైతే ఫోను చేతిలోనే ఉంటుంది.