మయామీలో ఒక క్రూజ్ దిగి అదే రోజు ఇంకో క్రూజ్ ఎక్కడం: అమ్మానాన్నలతో కుదిరే పనేనా?

ప్లానో_నాన్న (ప్రశ్న):

డిసెంబరులో అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. వాళ్ళను ఒక వారం సముద్రం మీద తిప్పుదామని చూస్తే తేదీలు ఇలా కుదిరాయి. కార్నివాల్ కంపెనీ షిప్‌లో శుక్రవారం మయామీ నుంచి బయల్దేరి సోమవారం పొద్దున తిరిగి రావడం, అదే సోమవారం సాయంత్రం అక్కడి నుంచే ఇంకో కంపెనీ రాయల్ కరీబియన్‌లో 4 రాత్రులు. రెండూ బహామాస్ వైపే. ఇంకా డబ్బు కట్టలేదు.

మొత్తం ఐదుగురం. అమ్మానాన్నలవి బీ-2 (విజిటర్) వీసాలు, మా పాప ఇక్కడ అమెరికాలోనే పుట్టింది, మా ఇద్దరివి హెచ్-1బీ (ఉద్యోగ వీసా), హెచ్-4 (దాని మీద జీవిత భాగస్వామికి వచ్చేది). నాన్నకు మోకాళ్ళ నొప్పి, ఎక్కువ దూరమైతే వీల్‌చైర్ కావాలి. నా సందేహాలు: ఒక షిప్ దిగి ఇంకోటి ఎక్కడానికి టైమ్ సరిపోతుందా? లగేజీని వాళ్ళే మారుస్తారా? టెర్మినల్ నుంచి టెర్మినల్‌కు ఎలా వెళ్ళాలి? మధ్యలో నేను ఊహించని తలనొప్పులు ఏమైనా ఉన్నాయా?

తీరం77:

టైమ్ గురించి బెంగ వద్దండి, మీకు ఉండబోయేది ఖాళీ టైమే. షిప్ తెల్లవారుజామున రేవులోకి వస్తుంది. తమ సామాను తామే లాక్కుని దిగేవాళ్ళను (దీన్నే సెల్ఫ్ అసిస్ట్ అంటారు) ఏడు ప్రాంతంలో వదలడం మొదలుపెడతారు. మిగతావాళ్ళు ట్యాగ్ నంబర్ల వరసలో దిగుతారు, తొమ్మిదిన్నరకల్లా షిప్ ఖాళీ. కొత్తవాళ్ళను ఎక్కించాలంటే పాతవాళ్ళ లెక్క సున్నాకు రావాలి కాబట్టి మిమ్మల్ని లోపల ఉండనివ్వరు. రెండో షిప్‌కు ఎక్కడం పదిన్నర, పదకొండుకు ముందు మొదలవదు. అందుకని ముందుగా దిగిపోదామని ఆరాటపడకండి. చివరి ట్యాగ్ నంబర్లు అడిగి తీసుకోండి. గది ఎనిమిదీ ఎనిమిదిన్నరకల్లా ఖాళీ చేయాలి, ఆ తర్వాత బఫేలో నింపాదిగా టిఫిన్ చేసి దిగొచ్చు.

లగేజీని మాత్రం ఎవరూ మార్చరు. రెండు కంపెనీలు, రెండు బుకింగులు, మీకు తప్ప ఆ రెంటికీ లంకె ఎవరికీ తెలియదు. ఒకే కంపెనీ షిప్పులు రెండైనా అంతే, మారుస్తారని ముందే రాతపూర్వకంగా చెబితే తప్ప ఆ నమ్మకం పెట్టుకోకండి. ముందురోజు రాత్రి ట్యాగ్ కట్టి గది బయట పెట్టిన పెట్టెలు టెర్మినల్ హాల్లో రంగులవారీగా, నంబర్లవారీగా పేర్చి ఉంటాయి. అవి తీసుకుని పాస్‌పోర్ట్, కస్టమ్స్ చెకింగ్ దాటి బయటికి రావాలి. పోర్టర్‌ను పెట్టుకోండి, పెట్టెకు రెండు డాలర్ల టిప్ ఇస్తే ఐదుగురి సామాను ఒకే బండి మీద వస్తుంది.

రెండో షిప్ ట్యాగులు మొదటి షిప్ ఎక్కకముందే, ఇంట్లోనే ప్రింట్ తీసుకోండి. రాయల్ ఆన్‌లైన్ చెక్-ఇన్ ప్రయాణానికి 45 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఆరోజే చేస్తే పొద్దుటి అరైవల్ స్లాట్ దొరుకుతుంది. కార్నివాల్‌ది మామూలు ప్రయాణికులకు 14 రోజుల ముందు. షిప్ వైఫై కొనుక్కుని, నడిసముద్రంలో రెండో కంపెనీ యాప్‌లో ఐదు పాస్‌పోర్టులు స్కాన్ చేయాలని చూస్తే పేజీ తిరుగుతూనే ఉంటుంది. ఇంకొకటి: సోమవారం పొద్దున పెట్టెలకున్న పాత ట్యాగులు పీకేయండి, వదిలేస్తే కొత్త టెర్మినల్లో పోర్టర్లు తికమకపడతారు.

ఇక దూరం. మయామీ క్రూజ్ టెర్మినళ్ళన్నీ డాడ్జ్ ఐలండ్ మీదే ఉంటాయి. కార్నివాల్ షిప్పులు ఎక్కువగా డి, ఇ, ఎఫ్ టెర్మినళ్ళలో, రాయల్ పెద్ద షిప్పులు తూర్పు వైపు ఉన్న ఎ టెర్మినల్లో ఆగుతాయి. అయితే కేటాయింపులు మారుతుంటాయి, ఆ వారం పోర్ట్ వెబ్‌సైట్‌లో షెడ్యూల్ చూసుకోండి. మ్యాప్‌లో పక్కపక్కనే కనిపిస్తున్నాయని నడక పెట్టుకోవద్దు.

రేవు:

నడక సంగతిలో కొంచెం తేడా చెబుతాను. వయసులో ఉన్న ఇద్దరు, చెరో చక్రాల పెట్టె అయితే ఎఫ్ నుంచి ఎ కు నడవొచ్చు. మీ విషయంలో మాత్రం తీరం77 గారి మాటే సరి. ఐదుగురికీ పెట్టెలకూ మామూలు కారు చాలదు, పెద్ద వ్యాన్ కావాలి. టాక్సీ వరసలో నిలబడ్డ డ్రైవర్లు ఎయిర్‌పోర్ట్ బేరం కోసం చూస్తుంటారు, పక్క టెర్మినల్ అనగానే మొహం మాడ్చుకుంటారు. డ్రైవర్‌తో వాదన పెట్టుకోకండి. వరసను నడిపించే మనిషి ఒకరు ఉంటారు, "ఇంకో టెర్మినల్‌కు వెళ్ళాలి, వ్యాన్ కావాలి" అని ఆయనకు చెబితే పని అయిపోతుంది.

దిగాక ముందు సామాను వదిలించుకోండి. ఎ టెర్మినల్ బయట పోర్టర్లు పెట్టెలు తీసుకోవడం మొదలుపెట్టగానే అప్పజెప్పేస్తే, మీ స్లాట్ టైమ్ వరకూ చేతిసంచులతో వంతెన అవతల బేసైడ్ మార్కెట్‌కు వెళ్ళి కూర్చోవచ్చు. సామాను చేతిలో ఉన్నంతసేపూ ఎక్కడికీ కదల్లేరు.

వీల్‌చైర్ దగ్గరే అందరూ దెబ్బతినేది. కార్నివాల్‌కు చెబితే గ్యాంగ్‌వే (షిప్ దిగే వంతెన) నుంచి టెర్మినల్ బయటి రోడ్డు దాకా తీసుకొచ్చి వదులుతారు. రాయల్‌కు విడిగా చెబితే వాళ్ళ టెర్మినల్ గుమ్మం నుంచి గది దాకా తీసుకెళ్తారు. ఆ గుమ్మానికీ ఈ గుమ్మానికీ మధ్య మాత్రం ఎవరూ ఉండరు. వ్యాన్ కోసం అరగంట నిలబడాల్సి రావొచ్చు, అక్కడ కుర్చీలు ఉండవు. మడత పెట్టే తేలికపాటి ట్రాన్స్‌పోర్ట్ చైర్ ఒకటి కొని తీసుకెళ్ళండి, రెండు షిప్పుల్లోనూ పనికొస్తుంది.

కాగితాలపులి:

పెట్టెల సంగతి తర్వాత చూడొచ్చు. ప్లానో_నాన్న గారూ, మీ దంపతుల పాస్‌పోర్టుల్లో వీసా స్టాంపింగ్, అంటే అతికించిన వీసా, ఇంకా చెల్లుతుందా? ఇది తేలనిదే డబ్బు కట్టకండి.

ప్లానో_నాన్న:

లేదండి, మా ఇద్దరి స్టాంపింగ్ పోయిన ఏడాదే అయిపోయింది. 797 (ఇమిగ్రేషన్ ఆమోదపత్రం), ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) మాత్రం 2027 దాకా ఉన్నాయి. షిప్ మయామీలో బయల్దేరి మయామీకే వస్తుంది కదా, పైగా ఒక ఆగుడు కంపెనీ సొంత దీవిలోనే. దానికీ స్టాంపింగ్ కావాలా?

కాగితాలపులి:

కావాలి. రాయల్ వాళ్ళ కోకోకే అయినా, కార్నివాల్ వాళ్ళ సెలబ్రేషన్ కీ అయినా కంపెనీ నడిపే చోట్లే, కానీ ఉన్నది బహామాస్ గడ్డ మీద. అక్కడ కాలు పెట్టి వచ్చారంటే అమెరికాలోకి మళ్ళీ ప్రవేశిస్తున్నట్టే, దానికి చెల్లే వీసా ఉండాలి.

వీసా గడువు తీరినా తిరిగి రానిచ్చే వెసులుబాటు ఒకటి ఉంది, దాన్ని ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. 30 రోజులు మించని ప్రయాణానికి, ఐ-94 చెల్లుబాటులో ఉంటే వర్తిస్తుంది. హెచ్-1బీ, హెచ్-4 వాళ్ళకు ఇది కెనడా, మెక్సికోలకే పరిమితం. కరీబియన్ దీవులకు కూడా వర్తించేది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్‌చేంజ్) వీసాలవాళ్ళకు. ఎఫ్-1 మీద బహామాస్ వెళ్ళొచ్చిన మిత్రుడి మాట విని హెచ్-1బీ వాళ్ళు బుక్ చేసుకునేది ఈ తేడా తెలియకే. నిజానికి మీ పాస్‌పోర్ట్ చూసి చెక్-ఇన్ కౌంటర్‌లోనే ఆపేస్తారు, అంత దాకా వచ్చాక డబ్బు తిరిగి రాదు.

మొత్తం దారి మెక్సికోయే అయితే చట్టం ప్రకారం మీకు అవకాశం ఉంది. గడువు తీరిన వీసా ఉన్న పాస్‌పోర్ట్, 797 అసలు కాపీ, ఐ-94 ప్రింట్ చేతిసంచిలో ఉండాలి. ఆ ప్రయాణంలో కొత్త వీసాకు దరఖాస్తు చేస్తే ఈ వెసులుబాటు పోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. చెల్లే అమెరికా వీసా ఉన్న భారతీయులకు మెక్సికో వీసా అక్కర్లేదు, మీదేమో చెల్లని వీసా. అందుకని మెక్సికో దీవి కోజుమెల్‌లో దిగడానికి మీకు ఏం కావాలో, రీవాలిడేషన్ మీద ఎక్కనిస్తారో లేదో రెండు కంపెనీల నుంచీ ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో "నో ప్రాబ్లమ్" అన్న మాట కౌంటర్ దగ్గర పనికిరాదు. గ్రీన్‌కార్డ్ దరఖాస్తు నడుస్తుంటే లాయర్‌ను కూడా అడగండి.

అమ్మానాన్నల వీసాల మీద "ఎం" అని ఉందో లేదో చూడండి, అంటే మల్టిపుల్ ఎంట్రీ. రెండు క్రూజ్‌లంటే రెండుసార్లు ప్రవేశం. తిరిగొచ్చాక ఐ-94 వెబ్‌సైట్‌లో ఇద్దరి తేదీలూ చూడండి. క్రూజ్ చేసొస్తే మళ్ళీ కొత్తగా ఆరు నెలలు ఇస్తారని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మి రిటర్న్ టికెట్ జరపకండి. పాస్‌పోర్టులు మాత్రం రాత్రి గది బయట పెట్టే పెట్టెల్లో వేయకండి, పొద్దున ఆఫీసర్ ముందు నిలబడేటప్పుడు అవి చేతిలోనే ఉండాలి.

రేవు:

మెక్సికో మాటే అయితే మీరు టెక్సస్‌లో ప్లానోలో ఉండి మయామీ దాకా విమానం ఎందుకండీ, టెక్సస్ రేవే గాల్వెస్టన్ ఉండగా? కార్నివాల్ పీర్ (షిప్ ఆగే గట్టు) 25, 28 ల నుంచి, రాయల్ పీర్ 10 నుంచి నడుస్తాయి. మెక్సికో రేవులు కోజుమెల్, ప్రోగ్రెసో వెళ్ళే 4, 5 రాత్రుల ట్రిప్పులు దొరుకుతాయి. జమైకా, కేమన్, హోండురస్ ఉన్నవి మాత్రం వదిలేయండి. ఒక షిప్ వచ్చే రోజు, ఇంకోటి బయల్దేరే రోజు కలుస్తున్నాయో లేదో పోర్ట్ క్యాలెండర్‌లో చూసుకోండి.

సొంత కారుంటే సగం కష్టం తీరినట్టే. రెండు కంపెనీల టెర్మినళ్ళూ హార్బర్‌సైడ్ డ్రైవ్ అనే రోడ్డు మీదే, మధ్య దూరం దాదాపు మైలు. రెండో క్రూజ్ బట్టల పెట్టెలు కారులోనే పెట్టి తాళం వేయండి. మొదటి షిప్ దిగిన రోజు పొద్దున ఒకరు వెళ్ళి కారు తెస్తే, అందరినీ పీర్ 10 దగ్గర దించి మళ్ళీ పార్క్ చేయొచ్చు. మీకు కావాల్సింది రోజువారీ లెక్కన డబ్బు తీసుకునే పార్కింగ్. ఒకే క్రూజ్‌కు ముందే బుక్ చేసే చోటయితే మధ్యలో బయటికి తీసి మళ్ళీ పెట్టనిస్తారో లేదో అడగండి.

గాల్వెస్టన్‌లో భయపడాల్సింది పొగమంచుకు. డిసెంబరు నుంచి మార్చి దాకా చల్లటి నీటి మీదికి వెచ్చటి గాలి వచ్చినప్పుడు దట్టంగా పట్టేస్తుంది, పైలట్లు షిప్పులను లోపలికి తీసుకురావడం ఆపేస్తారు. అయితే మీ రెండు షిప్పులూ ఒకే రేవుకు రావాలి కాబట్టి పొగమంచు పడితే రెండూ ఆగుతాయి. ఇంజిన్ సమస్య లాంటిదయితే ఒక్కటే ఆలస్యమవుతుంది, రెండోది మీకోసం ఆగదు. ప్రయాణికుల జాబితా బయల్దేరడానికి కనీసం 60 నిమిషాల ముందు కస్టమ్స్‌కు వెళ్ళాలి, అందుకే చెక్-ఇన్ గంటా గంటన్నర ముందే మూసేస్తారు. ఇన్సూరెన్స్ కొంటే మిస్డ్ కనెక్షన్ అన్న పేరా చదవండి. కొన్ని పాలసీలు విమానం ఆలస్యాన్నే లెక్కిస్తాయి, మొదటి క్రూజ్ ఆలస్యాన్ని కాదు.

ప్లానో_నాన్న:

అందరికీ చాలా థ్యాంక్స్. బహామాస్ మానేస్తున్నాం, గాల్వెస్టన్ తేదీలు చూస్తాను. చివరిగా ఒక్కటి: అమ్మ చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ తెస్తానంటోంది. ఒక షిప్‌లో వదిలినవి రెండో దాంట్లోనూ వదులుతారా?

తీరం77:

కుక్కర్ రెండింట్లోనూ పోతుంది. వేడి చేసే సామాను ఏదైనా, అంటే కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె స్కానింగ్‌లో పట్టుకుని తీసేస్తారు. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న పవర్ స్ట్రిప్ కూడా అంతే. ఇంట్లో వండినవి వద్దంటారు, సీసా సీలు తీయని కంపెనీ పచ్చడి అయితే ఇబ్బంది రాదు. దిగేటప్పుడు బఫేలోని అరటిపండు సంచిలో వేసుకుని కస్టమ్స్ దగ్గరికి వెళ్ళకుండా అమ్మగారికి చెప్పండి. పండ్లను పసిగట్టే కుక్కలు ఉంటాయి, జరిమానా ఉంటుంది. షిప్‌లో కొన్న మందు సీసా ఉంటే కారులో పెట్టేయండి. రాయల్ ఎక్కేటప్పుడు విస్కీ దొరికితే తీసుకుంటారు, తిరిగిస్తారన్న ఆశ పెట్టుకోవద్దు. వైన్ అయితే 21 దాటిన మనిషికి 750 మి.లీ. సీసా ఒకటి ఓకే.

బట్టలు ఉతకడం కార్నివాల్‌లోనే కానిచ్చేయండి, అక్కడ ప్రయాణికులు వాడుకునే లాండ్రీ గదులు ఉంటాయి, రాయల్‌లో ఉండవు. చివరి రాత్రి మిషన్లు ఖాళీగా దొరకవు, ఒకరోజు ముందు వేయండి.

నాన్నగారి మందులు, పొద్దున వేసుకునే బట్టలు, చెప్పులు చేతిసంచిలో ఉంచుకోమనండి. రాత్రి పదకొండుకు పెట్టెలన్నీ బయట పెట్టాక నైట్ డ్రెస్‌లోనే మిగిలిపోయేవాళ్ళు ప్రతి ట్రిప్పులోనూ కనిపిస్తారు. ఎవరికైనా విరేచనాలో వాంతులో అయితే రెండో షిప్ ఆరోగ్య ఫారంలో దాచకండి, డాక్టర్ చూసి ఎక్కనిస్తారో లేదో చెబుతారు.

కాగితాలపులి:

రెండు షిప్పులకూ డెబిట్ కార్డ్ ఇవ్వకండి. మొదటి కంపెనీ ఆపిపెట్టిన సొమ్ము విడుదలవడానికి వారం దాకా పట్టొచ్చు, ఈలోపు రెండోది మళ్ళీ ఆపుతుంది. క్రెడిట్ కార్డ్ వాడండి. బిల్లు ముందురోజు రాత్రే యాప్‌లో చూసుకోండి, తప్పుంటే అప్పుడే గెస్ట్ సర్వీసెస్‌కు వెళ్ళండి. పొద్దున అక్కడ క్యూ లిఫ్టుల దాకా ఉంటుంది. శాకాహారం గురించి రెండో కంపెనీకి మళ్ళీ చెప్పాలి, సేఫ్టీ డ్రిల్ కూడా మళ్ళీ చేయాలి.