పాత జీపు వెనక హబ్ పట్టేసింది, ఎంతకీ ఊడి రావట్లేదు

పాతజీపు78:
అందరికీ నమస్కారం. నాన్నగారి 1978 జీపు తొమ్మిదేళ్లుగా షెడ్డులోనే ఉంది. ఎలాగైనా మళ్లీ రోడ్డెక్కించాలని పట్టుదలగా ఉన్నాను. ఎడమ వెనక చక్రం లోపలి నుంచి గేర్ ఆయిల్ కారి బ్రేక్ షూలు తడిసిపోయాయి. ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీల్ మార్చాలంటే ముందు డ్రమ్‌తో సహా హబ్ (చక్రం బిగించే మధ్యభాగం) ఊడి రావాలి. యాక్సిల్ (ఇరుసు) చివర టేపరుగా, అంటే కొసకి సన్నబడుతూ ఉండి, కీ అనే చిన్న ఇనుప ముక్కతో హబ్ కూర్చునే రకం ఇది. నట్ వదులు కాకుండా ఆపే కాటర్ పిన్ తీశాను, పెద్ద నట్టూ ఊడింది. హబ్ మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. లాగి ఊడదీసే మూడు కాళ్ల పుల్లర్ డ్రమ్ అంచుకి తగిలించి బిగిస్తే అంచు వంగుతున్నట్టు కనిపించింది, భయమేసి ఆపేశాను. యాక్సిల్ చివర సుత్తితో గట్టిగా కొట్టమని ఒకరు, గ్యాస్‌తో కాల్చమని ఇంకొకరు అంటున్నారు. రాత్రి నిద్ర పట్టట్లేదు. ఏం చెయ్యమంటారు?

ఇరుసు_పనివాడు:
ఆపి మంచి పని చేశావు తమ్ముడూ. ఆ పుల్లర్‌ని మళ్లీ డ్రమ్ అంచుకి పెట్టకు, పోత ఇనుము వంగదు, పగులుతుంది. యాక్సిల్ మీద నేరుగా సుత్తి వేసినా ఆ దెబ్బ లోపలి బేరింగ్‌కీ డిఫరెన్షియల్‌కీ తగులుతుంది.

నీకు కావాల్సింది చక్రం బోల్టులకే బిగించుకునే పుల్లర్. దాని బలం హబ్ మధ్యలో పడుతుంది. ముందు హ్యాండ్ బ్రేక్ వదిలి, షూల అడ్జస్టర్లు పూర్తిగా వెనక్కి తిప్పు. అరిగిన డ్రమ్ లోపల గట్టు కడుతుంది, షూలు దానికే తగులుకుంటాయి. తర్వాత పెద్ద నట్‌ని తిరగేసి, యాక్సిల్ చివరతో సమంగా వచ్చేదాకా ఎక్కించు. ఇది మాత్రం మర్చిపోకు. మరలు చెడవు, పైగా హబ్ ఒక్కసారిగా వదిలితే ఆ నట్టే ఆపుతుంది. లేకపోతే అంత బరువు ఎగిరొచ్చి మీద పడుతుంది. ఎదురుగా నిలబడకు. జాకీ మీద నమ్మకం పెట్టుకోకుండా స్టాండు వెయ్యి.

పుల్లర్ బాగా బిగించి, తుప్పు వదిలే నూనె కీ గాడిలోకి దిగేలా పోసి, అలాగే వదిలెయ్. పొద్దున, సాయంత్రం ఇంకాస్త బిగించు. ఒక్కరోజులో రాకపోయినా కంగారు పడకు.

మట్టిరోడ్డు:
నేను వేరేలా తీశాను. నట్ రెండు చుట్లు వదులు చేసి, కాటర్ పిన్ పెట్టి, చక్రం బిగించి, ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా తిప్పాను. పక్కబలానికి హబ్ వదిలేసింది.

ఇరుసు_పనివాడు:
ఆ పద్ధతి తిరుగుతున్న బండికి సరే. ఈ బండి తొమ్మిదేళ్లుగా కదల్లేదు, బ్రేకు షూలు నూనెలో నానుతున్నాయి. దీనితో వద్దు.

వేడి_ఇనుము:
వేడి పనిచేస్తుంది, కానీ ఎర్రగా కాల్చక్కర్లేదు. 40 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఇనుప హబ్‌ని 100 డిగ్రీలు వేడెక్కిస్తే ఆ రంధ్రం సుమారు 0.05 మిల్లీమీటరు పెరుగుతుంది. పుల్లర్ అప్పటికే లాగుతుంటే అది చాలు. మంట హబ్ మధ్యభాగం చుట్టూ తిప్పుతూ ఉండాలి, యాక్సిల్‌కి తగలకూడదు. నీ డ్రమ్ లోపల నూనె ఉంది కాబట్టి ముందు తుడవకుండా మంట దగ్గరికి తేకు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ముని గాలితో ఊదకు, తడిగుడ్డతో తియ్యి.

పాతజీపు78:
వచ్చేసింది! మంట అవసరం పడలేదు. మూడు రోజులు అన్న చెప్పినట్టే బిగిస్తూ వచ్చాను. నాలుగో రోజు పొద్దున పుల్లర్ చేతి మీద సుత్తితో ఒక్క దెబ్బ వేశాను, తుపాకీ పేలినట్టు చప్పుడైంది. గుండె ఆగినంత పనైంది. చూస్తే హబ్ ముందుకొచ్చి నట్‌కి ఆనుకుని ఉంది. టేపర్ మీద వేలెడు వెడల్పున గోధుమరంగు తుప్పు, కీ ఒక పక్క సగం తెగి ఉంది. టేపర్‌కి గ్రీజు రాసి మళ్లీ ఎక్కించనా?

ఇరుసు_పనివాడు:
చాలా సంతోషం తమ్ముడూ. గ్రీజు వద్దు. తుప్పు తీసి, టేపర్ పొడిగా ఉండగానే హబ్ ఎక్కించు, ఆ పట్టే బండిని నడుపుతుంది. కీ కొత్తది వెయ్యి. నట్ మాన్యువల్ చెప్పినంత బిగించాక పిన్ రంధ్రం కలవకపోతే ఇంకా ముందుకే తిప్పు, వెనక్కి వదలకు. సీల్ కోసం యాక్సిల్ లాగేటప్పుడు బ్యాక్ ప్లేట్ దగ్గరున్న పల్చటి రేకుల్లాంటి షిమ్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి దాచు, అన్నీ తిరిగి అక్కడికే వెళ్లాలి. కొన్ని కిలోమీటర్లు తిరిగాక నట్ మరోసారి చూడు.