అప్‌డేట్: సీలీ ప్యాంట్లు ఎందుకు కుట్టింది?

ఆలిస్ వాకర్ నవల ‘ది కలర్ పర్పుల్’ (1982)లో కథానాయిక సీలీ ప్యాంట్లు కుట్టడం దేనికి గుర్తు అని అడిగాను కదా, జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. ‘మగవాళ్ల బట్టలేస్తే స్వేచ్ఛ’ అన్నది మాత్రం నాకు పైపైన అనిపించింది.

మళ్లీ చదివా. చెల్లెలి ఉత్తరాలు మొగుడు ఏళ్ల తరబడి దాచాడని తెలిసి, సీలీ వాణ్ని చంపేయాలనుకుంటుంది. ఆమెకు దగ్గరైన గాయని షుగ్, ప్యాంటు కుడదాం రమ్మంటుంది. చేతిలో మంగలికత్తి బదులు సూది! తర్వాత ఆ సూదే ఆమెకు బతుకుదెరువు.

ఉత్తరాల సంగతి చెబితే కావలిలో మా అత్త అంది: “మన దూబగుంట ఆడోళ్లు సారా మీద తిరగబడింది కూడా రాత్రిబడిలో పాఠం చదివినాకే గదమ్మా!” 1992 నాటి ఆ ఉద్యమాన్నీ నా క్లాసు పేపర్లో పెట్టేశా. మేడమ్ ఒప్పుకున్నారు గానీ, టైటిల్లోని ఊదా రంగు (పర్పుల్) మీద ఇంకో పేజీ రాయమన్నారు. అదిప్పుడు కొత్త టెన్షన్.