దిదిమోతిఖో మసీదు: కాలిపోయిన కప్పు, తెగని వాదన

మూసీతీరం:
గ్రీసు ఈశాన్య సరిహద్దున దిదిమోతిఖోలో 1420 నాటి చెలెబీ సుల్తాన్ మెహ్మెద్ మసీదు ఉంది. చూసినవారెవరైనా దాని చరిత్ర, ప్రస్తుత స్థితి, బస వివరాలు తెలియజేయగలరు.

రాతిగోడ:
2017 మార్చి 22న దాని కప్పు కాలిపోయిందని చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. దాదాపు ఆరు శతాబ్దాలు నిలిచిన ఆ పిరమిడ్ ఆకారపు కొయ్య కప్పు, సీసపు రేకుల తొడుగుతో సహా, మరమ్మతులు సాగుతుండగానే నాశనమైంది. పాత కట్టడాల మరమ్మతే నా వృత్తి కనుక చెబుతున్నాను: ఎండిన దూలాలున్న చోట పరంజా కట్టకముందే నీటి గొట్టాలనూ రాత్రి కాపలానూ సిద్ధం చేసుకోవాలి.

శాసనప్రియ:
అడిగినది చరిత్ర. ఊరివారు దానిని ఒట్టోమన్ సుల్తాన్ బాయెజిద్ పేరిట బాయెజిద్ మసీదు అంటున్నా, మసీదు శాసనంలో ఉన్నది ఆయన కుమారుడు మొదటి మెహ్మెద్ (అంటే చెలెబీ మెహ్మెద్) పేరు. 1402లో అంకారా వద్ద బాయెజిద్ తైమూరుకు బందీ అయ్యాక, కొడుకులు 1413 దాకా సింహాసనం కోసం పోరాడారు. తండ్రి కాలంలో గుమ్మటాల కోసమే గోడలు లేపి, చివరకు కొయ్యతో సరిపెట్టారని నా నమ్మకం.

దూలం:
కొయ్య కప్పును సర్దుబాటు అనడం అన్యాయం. దీనిని కట్టిన హాజీ ఇవాజ్ పాషాయే టర్కీలోని బుర్సాలో యెషిల్ మసీదునూ కట్టారు. ఆయనకు గుమ్మటం లేపడం రాదా?

శాసనప్రియ:
రాదని నేను అనలేదు. టర్కీ ఊరు ఎదిర్నెలోని ఎస్కీ మసీదులో నాలుగు స్తంభాల మీదే తొమ్మిది గుమ్మటాలు నిలిచాయి. ఇక్కడా లోపల నాలుగు బరువైన స్తంభాలున్నాయి. కొయ్య కప్పుకు అంత మందపు గోడలెందుకో దయచేసి చెప్పండి.

దూలం:
ఆ ఎస్కీ మసీదు 1414లోనే పూర్తయింది. అప్పుడే తొమ్మిది గుమ్మటాలకు ధనం దొరికితే, ఆరేళ్ల తరువాత దొరకలేదా? కొయ్యను ఏరికోరి ఎంచుకున్నారు. శాసనాలు చదివినంత మాత్రాన వడ్రంగం తెలియదు.

శాసనప్రియ:
వ్యక్తిగత విమర్శ మానండి.

కృష్ణాతీరం:
ఈ వాదనలో టర్కీలోని ఇజ్నిక్‌ను అందరూ మరిచారు. శాసనంలో తేదీ ఉన్న ఒట్టోమన్ మసీదులలో అతి పురాతనమైన హాజీ ఒజ్బెక్ మసీదు, 1333 నాటిది, అక్కడే ఉంది. వరుస రాయి, వరుస ఇటుకగా లేచిన గోడలూ, పెంకులు కప్పిన ఒకే గుమ్మటమూ మిగిలాయి. ముందరి వసారాను మాత్రం రోడ్డు వెడల్పు కోసం కూల్చారు. నిప్పు వల్ల పోయినదానికి దుఃఖిస్తున్నవారు పలుగుతో పోయినదాని గురించి ఒక్క మాటైనా అనరేం?

రాతిగోడ:
అంటాను, అది ఘోరమే. అయితే దిదిమోతిఖోలో గోడలు ఇంకా నిలిచి ఉన్నాయి. వాటిపై కాంక్రీటు పోయకుండా, కొయ్యతోనే, పాత వాలుతోనే కప్పు మళ్లీ లేవాలి. మూసీతీరం గారూ, బస అలెగ్జాండ్రూపోలిలో చూసుకోండి.