మఖ నక్షత్రం: వేగభ్రమణం వల్ల ఉపతరగతి తేలడం లేదు

మఖ (రెగ్యులస్) ఉపతరగతి (బి తరగతి నక్షత్రాలను వేడి నుంచి చల్లదనం వైపు బి0 నుంచి బి9 దాకా విడగొట్టే అంకె) తేల్చడానికి దాని వర్ణపటాన్ని 5000 విభేదన శక్తితో (దగ్గరి తరంగదైర్ఘ్యాలను వేరుచేసే సామర్థ్యం) తీశాను. సెకనుకు సుమారు 300 కి.మీ. భ్రమణంతో హీలియం 4471, మెగ్నీషియం 4481 గీతలు (అంకెలు ఆంగ్‌స్ట్రామ్‌లలో తరంగదైర్ఘ్యాలు) అటూ ఇటూ 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల చొప్పున పరుచుకుని అంచుల్లో దాదాపు కలిసిపోతున్నాయి. ఈ గీతల బలాన్ని సన్నగీతల ప్రమాణ నక్షత్రాలతో (ఉపతరగతి ముందే తెలిసిన, గీతలు పరుచుకోని నక్షత్రాలు) పోలిస్తే బి7 వస్తోంది. మెగ్నీషియం గీత సహజంగా సన్ననిది, లోతు ఎక్కువ కోల్పోయేది అదే; దాంతో హీలియం పైచేయిగా కనిపించి తరగతి వేడి వైపు జరుగుతుంది. అందుకే ప్రమాణ వర్ణపటాలనూ 300 కి.మీ.కి వెడల్పు చేశాను. తేడా తగ్గింది కానీ పోలేదు: హీలియం బి7 అంటోంది, కాల్షియం కె గీత బి9 అంటోంది. దూరం 79 కాంతి సంవత్సరాలే, కాబట్టి అంతర్నక్షత్ర కాల్షియం (నక్షత్రాల మధ్య వాయువులో ఉండి కె గీతను పెంచగలది) మీద నాకు అనుమానం లేదు. ధ్రువాలు సుమారు 15,000 కెల్విన్, మధ్యరేఖ 11,000 దగ్గర ఉండటమే అసలు చిక్కనిపిస్తోంది. ఒకే ఉష్ణోగ్రత గల గోళమనుకునే నా వెడల్పు లెక్కలో అది రాదు.

ఉపతరగతి తేల్చడానికి ఏ వేగభ్రమణ బి నక్షత్రాలను ప్రమాణాలుగా తీసుకోవాలి?