పునాదులు ‘తీయడం’ అంటే?

విశాఖలో మధురవాడ దగ్గర మా ఇంటి పని మొదలైంది. మొన్న సాయంత్రం మేస్త్రి ఫోన్ చేసి, “పునాదులు తీసేసేం బాబూ, రేపు బెడ్డు వేసేద్దాం” అన్నాడు. (బెడ్డంటే గుంత అడుగున ముందుగా పరిచే కాంక్రీటు పొర.) పక్కనే ఉన్న మా మేనకోడలు బెంగళూరులో పెరిగిన పిల్ల. విని కంగారుపడిపోయింది. “అయ్యో, ఎందుకు తీసేశారు మావయ్యా, గట్టిగా రాలేదా?” అంది. ఇంకా వెయ్యని పునాదిని తీయడమేమిటని అప్పుడు నాకూ అనుమానం పుట్టింది.

నాకు తోచినది చెప్తాను. పాపిడి తీస్తాం, కాలువ తీస్తాం, చెక్కలో గాడి తీస్తాం. ఇవేవీ ముందే ఉన్న వస్తువులు కావు. ఉన్నదాన్ని కొంత తప్పిస్తే ఏర్పడే ఖాళీలు. పునాది కూడా మొదట నేలలో ఖాళీ గుంతే, అందుకే దాన్ని తీస్తారు. అందులో కాంక్రీటు పడ్డాక అదే మాటకు బరువొస్తుంది, అప్పుడు ‘పునాది వేశారు’ అంటాం.

ముగ్గు సంగతీ చూడండి. వాకిట్లో ముగ్గు వేస్తాం, పెడతాం. ఇల్లు కట్టే స్థలంలో మాత్రం, పునాది ఎక్కడ రావాలో గీత గీయడానికి, ముగ్గు పోస్తాం. మా మేస్త్రి మేకుల మధ్య తాడు బిగించి, దాని వెంబడే వంగి నడుస్తూ గుప్పిట్లోంచి సున్నప్పొడి జారవిడిచాడు. అది చూశాక అక్కడ ‘పోయడం’ తప్ప వేరే క్రియ కుదరదనిపించింది.

ఇది చదివి మా గుంపులో ఒక సభ్యుడు అడిగారు: ‘తవ్వడం’ అంటే సరిపోదా అండీ?

సరిపోదండీ. మా స్థలంలో జేసీబీ వచ్చి పూటలో తవ్వేసి పోయింది. గుంతల అంచులు ఎగుడుదిగుడుగా, అడుగున వదులు మట్టితో ఉన్నాయి. తర్వాత ఇద్దరు మనుషులు గునపం, పార పట్టుకుని దిగి, ముగ్గు గీతకు సరిగ్గా పక్కలు చెక్కి, గట్టి నేల కనిపించేదాకా అడుగు శుభ్రం చేశారు. యంత్రం తవ్వింది, మనుషులు తీశారు. ఆ తేడా మన భాషలో ఇంకా బతికి ఉండటం నాకు చాలా ఇష్టం.

ఇంకొకరు: మరి శంకుస్థాపన?

అది వేరే పని. శంకువంటే మేకు, మాట ప్రకారం మేకు పాతడం. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు, పెద్ద ఎత్తున నిర్మాణం మొదలైంది మాత్రం 1982లో. మేకు పాతడానికీ పునాదులు తీయడానికీ మధ్య ఎంత కాలం పట్టొచ్చో ఈ ఊరివాళ్లకు బాగా తెలుసు.

ఇవాళ్టి కబురు: బెడ్డు మీద ఇనుప ఊచల జాలీ పరిచి, ఊచలు బెడ్డుకు తగలకుండా కింద 50 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు (చిన్న దిమ్మెలు) పెట్టి, చుట్టూ సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా పట్టి ఉంచే అచ్చు) కట్టి కాంక్రీటు పోశారు. రేపు ఆ సెంట్రింగ్ ‘విప్పుతారట’. తీగతో, మేకులతో కట్టినదాన్ని విప్పడమే కదా, మాట ఎంత సరిగ్గా కుదిరిందో! ఆ తర్వాత కాంక్రీటు మీద కనీసం వారం నీళ్లు కొట్టాలి.

‘పునాది’ పారసీ బునియాద్ నుంచి వచ్చింది, కన్నడంలో బునాది. మనకు ‘అస్తివారం’ అనే మాటా ఉంది. ఆ మాట వాడుకలో ఉన్న ప్రాంతాలవాళ్లు చెప్పండి: మీ మేస్త్రులు అస్తివారం తీస్తారా, వేస్తారా?