బండలాగుడు లెక్కలో పని, ఉప్పు మడి లెక్కలో వికిరణం: తేడా ఎక్కడ వస్తోంది?

కావలి ఇంటర్:
రెండు లెక్కలు కీతో కలవడం లేదు సార్.
1) ఒంగోలు గిత్తల జత 1500 కిలోల బండని సమతలంగా ఉన్న నేల మీద స్థిర వేగంతో 10 నిమిషాల్లో 200 మీటర్లు లాగింది. ఘర్షణ గుణకం 0.5, గురుత్వ త్వరణం 10. నాకు 1500 × 10 × 200 = 30 లక్షల జౌల్స్ వచ్చింది. కీలో 15 లక్షలు. అసలు స్థిర వేగమైతే నికర బలం సున్నా, పని కూడా సున్నా కావాలి కదా?
2) ఇసకపల్లి ఉప్పు మడిలో ఒక చదరపు మీటరు. ఉపరితలం 40 డిగ్రీల సెల్సియస్, పరిసరాలు 30, ఉద్గారత (ఉపరితలం వికిరణాన్ని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే సంఖ్య) 0.95. నికరంగా పోయే వికిరణం నాకు 0.00054 వాట్లు. కీలో 63.

ఒంగోలు లెక్చరర్:
30 లక్షలు అంటే బండని 200 మీటర్ల ఎత్తుకి ఎత్తితే పట్టే పని. గిత్తలు ఎత్తడం లేదు, ఈడుస్తున్నాయి. ముందు బొమ్మ గీయి. బరువు 15,000 న్యూటన్లు కిందికి, అభిలంబ బలం (నేల బండని పైకి నెట్టే బలం) అంతే పైకి. రెండూ కదలికకి లంబంగా ఉన్నాయి కాబట్టి వాటి పని సున్నా. ఘర్షణ 0.5 × 15,000 = 7,500 వెనక్కి. వేగం మారడం లేదు, కాబట్టి మోకు లాగేదీ 7,500. దాన్ని 200తో గుణిస్తే 15 లక్షలు.

పని సున్నా కావాలి కదా అన్న సందేహం బాగా అడిగావు. సున్నా అయ్యేది నికర పని: గిత్తలది +15 లక్షలు, ఘర్షణది −15 లక్షలు. ప్రశ్న ఎవరి పని అడిగిందో అక్కడే చూడాలి. వేగం సెకనుకి మీటరులో మూడో వంతు, అంటే బండ గతిజశక్తి సుమారు 83 జౌల్సే. ఆ 15 లక్షలూ బండ అడుగున రాపిడికి వేడిగా పోయాయి.

సామర్థ్యం అడిగితే 15 లక్షలు ÷ 600 సెకన్లు = 2,500 వాట్లు, జతకి 3.35 హెచ్‌పీ. నిమిషాలని సెకన్లు చేయకుండా 10తోనే భాగిస్తే 200 హెచ్‌పీ వస్తుంది. ఏ గిత్తలు లాగుతాయి అంత!

కోవూరు ఫిజిక్స్:
ఇదే లెక్కని మోకు నేలతో 20 డిగ్రీల కోణంలో ఉందని మార్చి అడుగుతారు. అప్పుడు 15 లక్షలని కొసైన్ 20తో గుణించి వదిలేస్తారు, అది తప్పు. మోకు బండని కొంచెం పైకి కూడా లాగుతుంది, అభిలంబ బలం తగ్గుతుంది, దాంతో ఘర్షణా తగ్గుతుంది. కొసైన్ 20 = 0.940, సైన్ 20 = 0.342 కాబట్టి మోకు బలం = 7,500 ÷ (0.940 + 0.5 × 0.342) = సుమారు 6,750 న్యూటన్లు. ముందుకి పనిచేసే భాగం 6,345, పని 12.7 లక్షలు.

నెల్లూరు టీచర్:
ఇక వికిరణం. నువ్వు 40లోంచి 30 తీసేసి, మిగిలిన 10కి నాలుగో ఘాతం వేశావు. స్టీఫాన్ నియమంలో (చదరపు మీటరుకి వికిరణం = ఉద్గారత × స్టీఫాన్ స్థిరాంకం × ఉష్ణోగ్రత నాలుగో ఘాతం) విడివిడిగా నాలుగో ఘాతాలు కట్టి ఆ తర్వాత తీసేయాలి, అదీ కెల్విన్‌లో, అంటే సెల్సియస్‌కి 273 కలిపి. 313తో 517 వాట్లు బయటికి, 303తో 454 వాట్లు లోపలికి. తేడా 63.

సరిచూసుకోవడానికి ఒక దారి: తేడా చిన్నదైతే 4 × ఉద్గారత × స్టీఫాన్ స్థిరాంకం × సగటు ఉష్ణోగ్రత ఘనం × తేడా. సగటు 308 వేస్తే 62.95. పరీక్షలో అర నిమిషం పని, తప్పకుండా చేయి.

కావలి ఇంటర్:
అర్థమైంది సార్. కానీ మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకి దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంటే, 63 పోతే మిగతాది ఏమవుతుంది?

నెల్లూరు టీచర్:
కొంత పరావర్తనం చెందుతుంది, కొంత గాలికి, అడుగు మట్టికి పోతుంది. పెద్ద వాటా ఆవిరికే. కిలో నీళ్లు ఆవిరవ్వడానికి సుమారు 24 లక్షల జౌల్స్ కావాలి. 500 వాట్లు ఆవిరికి పోతున్నాయనుకో, గంటకి 18 లక్షల జౌల్స్, అంటే 0.75 కిలో. చదరపు మీటరులో కిలో నీళ్లంటే ఒక మిల్లీమీటరు మందం, కాబట్టి గంటకి 0.75 మిల్లీమీటర్లు తగ్గుతుంది. నీళ్లు మడి నుంచి మడికి మారుతూ ఉప్పు చిక్కబడేకొద్దీ ఆవిరి నెమ్మదిస్తుంది, దాంతో పోయే వేడీ తగ్గుతుంది. అందుకే చివరి మడిలో నీళ్లు మొదటి మడికంటే వేడిగా ఉంటాయి.